కథ ముగిసింది, సంతకాలెందుకు?

తెలుగు సంఘం పత్రికలో ఇంగ్లీషు టీవీ సీరియల్ గోల ఏమిటని పెద్దలు కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. ఉగాది కవితలకూ, పిల్లల పద్యపఠన పోటీ ఫలితాలకూ నడుమ డ్రాగన్ల ప్రసక్తి తేవడం అపచారమే అనుకోవచ్చు. అయినా తెస్తున్నాం. ఎందుకంటే 2019 మే నెలలో ముగిసిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మీద తగువు ఇన్నేళ్ళయినా మన ఇళ్ళలో తెగలేదు. గృహప్రవేశానికి వెళ్ళినా, అన్నప్రాశనకు వెళ్ళినా, పులిహోర పళ్ళాలు చేతబట్టుకుని ఓ మూల నలుగురు చేరతారు. ఆ చివరి ఆరు ఎపిసోడ్లను దుమ్మెత్తి పోస్తారు. ఆ సీరియల్ తీసినవాళ్ళను కోర్టుకీడ్చాలన్నంత ఆవేశం చూపిస్తారు. ఎదుటివాళ్ళు ఒక్కమాట అనబోతే 'మీకు కథంటే తెలియదు' అని నోరు మూయిస్తారు. ఆ ఒక్కమాటా ఈ పత్రికలో అనేద్దామని మా ఉద్దేశం.

మేము అంటే ఈ ఊరి ఆసుపత్రుల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న, ముప్పై దాటి నలభై చేరని నలుగురైదుగురు డాక్టర్లం. ఈ వ్యాసం రాసిన చెయ్యి ఒకటే అయినా, మాట అందరిదీ. 2011 ఏప్రిల్‌లో ఆ సీరియల్ మొదలైనప్పుడు మేమంతా ఆంధ్రదేశంలో మెడికల్ కాలేజీ విద్యార్థులం. హాస్టల్లో ఒక లాప్‌టాప్ చుట్టూ పదిమందిమి మూగి చూశాం. అది ముగిసేనాటికి ఇక్కడ రెసిడెన్సీ చేస్తూ, ఆదివారం రాత్రి డ్యూటీ పడకుండా ఉండాలని మొక్కుకుంటూ చూశాం. మా వైద్యవిద్య ఎంత పొడుగో ఆ కథా అంత పొడుగు. అందుచేత దాని గురించి మాట్లాడే హక్కు మాకూ కొంత ఉన్నదని మనవి.

మా వాదన ఇది. ఆ ముగింపు సరైన ముగింపు. దాన్ని చెప్పిన తీరులో తొందర ఉంది, ఆ తొందర తప్పే. కాని, 'ఈ ముగింపు మాకు వద్దు, మార్చి మళ్ళీ తీయండి' అని 18 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టిన అర్జీ ఉన్నదే, అది అంతకంటే పెద్ద తప్పు. ఆ అర్జీ వెనక ఉన్న మనస్తత్వం టీవీ పెట్టె దగ్గర ఆగేది కాదు. మన దాకా వచ్చేది, వచ్చినది.

చూడనివారి కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాం. వెస్టరోస్ అనే ఊహాద్వీపంలో ఏడు రాజ్యాలు. వాటన్నిటికీ ఒక ఇనుప సింహాసనం. దానికోసం కొట్టుకు చచ్చే వంశాలు. రాజ్యం పోగొట్టుకుని పరదేశంలో పెరిగిన రాజకుమార్తె డెనేరిస్. ఆమె వద్ద మూడు డ్రాగన్లు. ఉత్తరాన జాన్ స్నో అనే యువకుడు, అక్రమ సంతానమని అందరూ చిన్నచూపు చూసినవాడు. తీరా చూస్తే సింహాసనానికి అసలు వారసుడు అతడే. చివరికి డెనేరిస్ రాజధాని మీదికి దండెత్తుతుంది. నగరం లొంగిపోతున్నట్టు గంటలు మోగుతాయి. గంటలు విని కూడా ఆమె డ్రాగన్ మీద ఎగిరి ఆ నగరాన్ని, పసిపిల్లలతో సహా, బూడిద చేస్తుంది. ఆమెను ప్రేమించిన జాన్ స్నోనే ఆమెను పొడిచి చంపుతాడు. డ్రాగన్ ఆ ఇనుప సింహాసనాన్ని కరిగించేస్తుంది. చివరికి సామంతులు కూడి, నడవలేని బ్రాన్ అనే కుర్రవాణ్ణి రాజుగా ఎన్నుకుంటారు. జాన్ మంచు కొండలకు వెళ్ళిపోతాడు.

దీనిమీద వచ్చిన అభియోగాలు ముఖ్యంగా మూడు. ఒకటి, చివర్లో కథను పరుగెత్తించారు. రెండు, బానిసలకు విముక్తి ఇచ్చిన తల్లిలాంటి డెనేరిస్‌కు ఉన్నట్టుండి పిచ్చి పట్టించారు. మూడు, పట్టాభిషేకం జరగవలసిన జాన్ స్నోను వదిలేసి ఎవరికో కిరీటం పెట్టారు. వరుసగా చూద్దాం.

మొదటి అభియోగానికి మేమూ సాక్షి సంతకం పెడతాం. మొదటి ఆరు సీజన్లూ పదేసి ఎపిసోడ్లు. ఏడోది ఏడు. ఎనిమిదోది ఆరంటే ఆరు. మొత్తం 73. హెచ్‌బీవో సంస్థ ఇంకా పొడిగించడానికి సిద్ధంగానే ఉన్నా, తీస్తున్న బెనియాఫ్, వైస్ గారలే ఇక చాలన్నారు. మొదట్లో ఒక ఊరినుంచి ఇంకో ఊరికి గుర్రమెక్కి వెళ్ళడానికి ఒక సీజనంతా పట్టేది. చివర్లో ఖండాంతరాలు కూడా కళ్ళు మూసి తెరిచేలోగా దాటేశారు. మూడో ఎపిసోడ్‌లోని మహాయుద్ధం చీకట్లో తీసి, ఎవరు ఎవరిని చంపుతున్నారో తెలియక టీవీకి ముక్కు ఆనించి చూసే గతి పట్టించారు. నాలుగో ఎపిసోడ్‌లో విందు బల్లమీద ఎవరో కాఫీ కప్పు మరచిపోతే అదీ ప్రసారమైపోయింది, తర్వాత తుడిచేశారు. తొందరకు అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అయితే మా వృత్తిలో మేము రోజూ చూసే తేడా ఒకటుంది. రోగికి నయంకాని జబ్బు వచ్చిందని ఒక డాక్టరు వరండాలో నిలబడి, వాచీ చూసుకుంటూ, అర నిమిషంలో చెప్పి పోయాడనుకోండి. ఆ కుటుంబానికి కోపం రావడం న్యాయం. ఆ డాక్టరుకు మాట తీరు నేర్పవలసిందే. కాని అతను చెడ్డగా చెప్పాడు కనుక జబ్బు లేదనడం న్యాయం కాదు. 'ఈ రిపోర్టు మాకు నచ్చలేదు, నచ్చేలా ఇంకోటి రాసివ్వండి' అనడం అసలే కాదు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ గురించి జరిగింది అచ్చంగా ఇదే. చెప్పిన తీరు మీద కోపాన్ని చెప్పిన నిజం మీదికి మళ్ళించారు.

రెండో అభియోగం అసలైనది. 'ఉన్నట్టుండి' అంటున్నారు. ఉన్నట్టుండి వచ్చిందంటే మేము మొదట అడిగేది పాత కేసు షీటు. తీసి చూద్దాం.

మొదటి సీజన్‌లో సొంత అన్న నెత్తిన కరిగిన బంగారం పోసి చంపుతుంటే ఆమె రెప్ప వాల్చకుండా చూసింది. అన్న దుర్మార్గుడే, ఒప్పుకుంటాం. ఆ సీజన్ చివర్లోనే మిర్రీ అనే ఆవిడను చితికి కట్టి సజీవంగా దహనం చేయించింది. మిర్రీ వైద్యం తెలిసిన మనిషి. డెనేరిస్ భర్త సేన ఆమె ఊరిని నాశనం చేసింది, ఆమెను చెరిచింది. ఆమె పగ తీర్చుకుంది, నిజమే. కాని డెనేరిస్ కాల్పించిన మొదటి మనిషి ఊరు పోగొట్టుకున్న ఒక వైద్యురాలన్న సంగతి మన చర్చల్లో ఎవరి నోటా మేము వినలేదు. రెండో సీజన్‌లో ఖార్త్ నగర ద్వారం దగ్గర, లోపలికి రానివ్వకపోతే మిమ్మల్నే ముందు కాలుస్తానని ఆమే స్వయంగా బెదిరించింది. అప్పటికి ఆ డ్రాగన్లు పిల్లి పిల్లలంత ఉన్నాయి. మాట మాత్రం అప్పటికే పెరిగి ఉంది.

మూడో సీజన్‌లో అస్టపోర్ యజమానుల వధ. నాలుగో సీజన్‌లో మీరీన్ నగరం. అక్కడి యజమానులు 163 మంది బానిస పిల్లలను దారి పొడుగునా శిలువ వేశారు. ప్రతిగా ఆమె 163 మంది యజమానులను శిలువ వేయించింది. ఎవరు ఆ పాపం చేశారు, ఎవరు వద్దన్నారు అని విచారణ లేదు. లెక్క సరిపోతే చాలు. తర్వాత ఒక కొడుకు ఆమె సభకు వచ్చి, పిల్లలను చంపవద్దని వాదించిన తన తండ్రి కూడా ఆ 163 మందిలో ఉన్నాడని, శవాన్నయినా దించుకోనివ్వమని వేడుకున్నాడు. ఆ దృశ్యం అక్కడ ఎందుకు పెట్టారనుకున్నారు? ఐదో సీజన్‌లో ఊరి పెద్దలను డ్రాగన్ల ముందు నిలబెట్టి, మీలో ఎవరు దోషులో నాకు తెలియదు, డ్రాగన్లే తేలుస్తాయన్న ధోరణిలో మాట్లాడి ఒకడిని వాటికి ఆహారం చేసింది. ఆరో సీజన్‌లో ఖల్‌లందరినీ ఒకే ఇంట్లో పెట్టి కాల్చింది. ఏడో సీజన్‌లో మోకరిల్లనన్న తండ్రినీ, తండ్రిని వదలనన్న కొడుకునూ, మంత్రి వద్దు వద్దంటున్నా కాల్చింది.

ఇదీ కేసు షీటు. ఎనిమిదేళ్ళ జ్వరం చార్టు చేతిలో పెట్టుకుని, 'నిన్నటిదాకా బాగానే ఉందండీ' అంటున్నారు అభిమానులు. ఈ మాట మా ఔట్‌పేషెంట్ గదిలో రోజూ వింటాం కనుక మాకు ఆశ్చర్యం లేదు.

ఇక ఆ 'పిచ్చి' అన్నమాట. దాని మీద మాకు వృత్తిరీత్యా అభ్యంతరం ఉంది. ముగింపును తిట్టేవాళ్ళూ ఆ మాటే వాడుతున్నారు, సమర్థించేవాళ్ళూ ఆ మాటే వాడుతున్నారు. తండ్రి పిచ్చి రాజు, కూతురికి రక్తంలో వచ్చిందంటారు. ఇది వైద్యం కాదు, వంశాలను తూలనాడే పాత వాడుక. మనోవ్యాధితో బాధపడేవారిని మేము రోజూ చూస్తున్నాం. వాళ్ళలో అత్యధికులు ఎవరికీ హాని చేసేవారు కారు. తమ బాధ తామే పడేవారు. ఊళ్ళను తగలబెట్టిన రాజులకు వాళ్ళ పేరు తగిలించడం వాళ్ళకు చేసే అన్యాయం. డెనేరిస్‌కు భ్రమలు లేవు, మతిమరుపు లేదు. తాను ఏం చేస్తున్నదో ఆమెకు తెలుసు. నగరం తనను ప్రేమించడం లేదని గ్రహించింది, అయితే భయపడాలని నిశ్చయించుకుంది. తీర్పు చెప్పిన తర్వాత అమలు జరిపింది. అది నేరం. దానికి జబ్బు పేరు పెట్టడమంటే నేరస్థుణ్ణి వెనక దారిన ఆసుపత్రిలోకి తప్పించడమే.

ఈ విషయంలో మన సోదరీమణులు కొందరు ఇంకో అభ్యంతరం చెబుతారు. 'ఆడది అధికారంలోకి రాగానే పిచ్చిదని చూపిస్తారు, ఇది మగవాళ్ళ కథలలో పాత పన్నాగమే' అని. అన్ని అభ్యంతరాలలో బరువైనది ఇదేనని మా అభిప్రాయం. అయితే ఈ కోపం గురిపెట్టవలసింది 'పిచ్చి' అన్న మాట మీద. ఇదే కథలో టైవిన్ లానిస్టర్ అనే పెద్దమనిషి ఒక వంశాన్ని వేళ్ళతో సహా పెకలించాడు, పెళ్ళిపందిరిలో అతిథులను నరికించిన కుట్రకు వెనక నిలిచాడు. ఆయనకు పిచ్చి అని ఎవరైనా అన్నారా? 'ఎంత మేధావి' అన్నారు. డెనేరిస్‌కు ఇవ్వవలసిన సమానత్వం ఏదైనా ఉంటే అది ఇదే: ఆమెను కూడా తెలిసి చేసిన పాలకురాలిగా నిలబెట్టి, తెలిసి చేసినందుకు జవాబు అడగడం.

మరి ఆమె బానిసలకు విముక్తి ఇవ్వలేదా? ఇచ్చింది. అది నిజమే, ఇదీ నిజమే. ఆ రెండూ ఒకే చేతిలో ఉండటమే ఈ కథకున్న విలువ. దుర్మార్గులను చంపినంత కాలం ఆమెను ఎవరూ అడ్డుకోలేదు. చంపిన ప్రతిసారీ ఆమెకు తాను న్యాయదేవతనన్న నమ్మకం పెరిగింది. చివరి ఎపిసోడ్‌లో చెరసాలలో ఉన్న టిరియన్ ఇదే సంగతి జాన్‌కు విడమరచి చెబుతాడు. ఆమె ఎక్కడికి వెళ్ళినా చెడ్డవాళ్ళు చచ్చారు, మనం జేజేలు కొట్టామని దాని సారాంశం. అంటే మేము కనిపెట్టిన రహస్యమేమీ ఇందులో లేదు. సీరియల్ తన నోటితో తానే చెప్పింది. చెప్పిన తర్వాత కూడా 18 లక్షల మంది అర్జీ పెట్టారంటే, ఆ మాట వినబడక కాదు, తగలవలసిన చోట తగిలింది కనుక.

మూడో అభియోగం జాన్ స్నో పట్టాభిషేకం. ఇది మన తెలుగువాళ్ళకు మరీ బాధ. ఎందుకో మాకు తెలుసు. విఠలాచార్య జానపద చిత్రాలు చూసి పెరిగిన అమ్మానాన్నల పిల్లలం మనం. అడవిలోనో గుడిసెలోనో పెరిగిన కుర్రవాడు అసలు రాకుమారుడని తేలాక, మాంత్రికుడు చావాలి, రాజ్యం రావాలి, రాకుమారి రావాలి, ఆపైన 'శుభం' పడాలి. 2015లో 'బాహుబలి' మొదటి భాగం కట్టప్ప కత్తితో ఆపితే, 2017లో రెండో భాగం వచ్చేదాకా దేశమంతా ఒకే ప్రశ్న అడిగింది. చివరికి కొడుక్కు కిరీటం దక్కాకే మన మనసు కుదుటపడింది. అలవాటైన రుచి అది. తప్పేమీ లేదు. కాని అన్ని వంటలూ ఒకే రుచి ఉండాలంటే ఎలా?

జానపదం ఒక్కటే మన ఆస్తి కాదు. పుట్టుకతో పెద్దవాడై ఉండి, సూతుడి ఇంట పెరిగి, యుద్ధానికి ముందు తన జన్మరహస్యం విని, రాజ్యం నీదేనంటే వద్దన్న కర్ణుణ్ణి మనం ఎరుగుదుం. రాజ్యం గెలిచిన ధర్మరాజు ముఖాన సంతోషం కనబడక అంత పెద్ద శాంతిపర్వం అవసరమైందనీ ఎరుగుదుం. యాదవులు తమలో తాము కొట్టుకుని చావడం, కృష్ణుడు బోయవాడి బాణానికి ఒరగడం, పాండవులు ఒక్కొక్కరే దారిలో కూలడం, తీరా స్వర్గానికి పోతే ముందు దుర్యోధనుడే కనబడటం: మహాభారతం ముగింపు ఇది. మన తాతలు దీన్ని విని అర్జీలు పెట్టలేదు. 1963లో 'లవకుశ' చిత్రం వస్తే, చివర సీత భూమిలోకి వెళ్ళిపోతుందని తెలిసి, బళ్ళు కట్టుకుని మరీ వెళ్ళి ఏడ్చి వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. అంత పెద్ద ఏడుపును భరించగలిగిన జాతి మనది. సింహాసనం వద్దని పదేపదే చెప్పిన జాన్‌కు సింహాసనం ఇవ్వలేదని మనం గుండెలు బాదుకోవడం ఏమిటి?

బ్రాన్ రాజు కావడం గొప్ప ఆనందం కలిగించలేదు, మాకూ కలిగించలేదు. అయితే ఆ సభలో రెండు విషయాలు జరిగాయి. వారసత్వం కరిగి, ఎన్నిక వచ్చింది. ఆ ఎన్నిక సామంతుల మధ్యనే ఆగింది. శామ్ అనే అమాయకుడు లేచి, ప్రజలందరినీ అడిగితే బాగుంటుందేమో అన్నాడు. సభంతా ఘొల్లున నవ్వింది. అయితే కుక్కలకు కూడా ఓటిద్దామని ఒకాయన, తన గుర్రాన్ని అడుగుతానని ఇంకొకాయన. లోకం ఒక్క మెట్టు ఎక్కింది, రెండో మెట్టు దగ్గర నవ్వేసి ఆగింది. చరిత్రలో మార్పు ఇలాగే కదా వచ్చేది? ఆ నవ్వును గమనించకుండా 'ముగింపులో ఏమీ లేదు' అనేవారిని ఆ ఐదు నిమిషాలు మరోసారి చూడమని కోరుతున్నాం.

ఇప్పుడు ఆ సంతకాల సంగతి. 'సమర్థులైన రచయితలతో ఎనిమిదో సీజన్ మళ్ళీ తీయాలి' అన్నది అర్జీ సారాంశం. ముందుగా గమనించవలసినది, 2019 మే 19న చివరి ఎపిసోడ్ ప్రసారం కాకముందే లక్షలాది సంతకాలు పడిపోయాయి. రోగి మంచం మీద మాట్లాడుతుండగానే శవపరీక్ష నివేదిక రాసిన చందం. రెండోది, ఆ చివరి రాత్రి అమెరికాలో చూసినవారు 1 కోటి 93 లక్షలు. అర్జీ మీద పడినవి ప్రపంచమంతటి నుంచీ 18 లక్షల పైచిలుకు. 'ప్రేక్షకులందరి మాట' అన్న బోర్డు ఎవరు కట్టమన్నారు? మూడోది, ఆ లోకం ముఖం ఇక ఎవరూ చూడరన్న శాపనార్థం. 2022 ఆగస్టులో అదే లోకం పూర్వకథ 'హౌస్ ఆఫ్ ది డ్రాగన్' మొదలైతే మొదటి రాత్రే దాదాపు కోటిమంది చూశారు. శపించినవారిలో చాలామంది అందులో ఉన్నారని మా గట్టి నమ్మకం. ఈ ఊరివాళ్ళు కొందరు ఉన్నట్టు మాకు తెలుసు కూడా.

'పాఠకులు పట్టుబడితే షెర్లాక్ హోమ్స్ బతికి రాలేదా' అని చదువుకున్నవారు కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ కథ రాసిన కానన్ డాయిల్ మా జాతివాడే, డాక్టరు. 1893 డిసెంబరులో హోమ్స్‌ను జలపాతంలో పడదోశాడు. 20,000 మంది పత్రిక చందా మానుకున్నారని చెబుతారు. 1901లో అంతకుముందు జరిగినట్టుగా ఒక నవల రాశాడు. 1903లో, అమెరికన్ పత్రిక ఒకటి పెద్ద మొత్తం ఇవ్వజూపిన మీదట, హోమ్స్ బతికే ఉన్నాడన్నాడు. కాని 1893 నాటి ఆ కథను చింపి మళ్ళీ రాయలేదు. అది ఇవాళ్టికీ అలాగే ఉంది. రచయిత తన కథకు కొనసాగింపు రాయవచ్చు. రాసిన పేజీని జనం ఒత్తిడి మీద చెరపడం వేరు.

ముగింపు నచ్చనివారికి మన సంప్రదాయమే దారి చూపించింది. ఉత్తరకాండలో సీత భూమిలోకి పోవడం భవభూతికి నచ్చలేదు. ఎనిమిదో శతాబ్దంలో ఆయన 'ఉత్తరరామచరితం' రాసి సీతారాములను కలిపాడు. వాల్మీకికి అర్జీ పెట్టలేదు. తన నాటకాన్ని తన పేరుతో తాను రాశాడు. ఇవాళ రెండూ ఉన్నాయి, ఎవరికి కావలసింది వారు చదువుకుంటున్నారు. అలాగే సగంలో ఆగిన పుస్తకం సంగతి. ఈ సీరియల్‌కు మూలమైన జార్జ్ మార్టిన్ నవలలు 1996లో మొదలై 2011 నాటికి ఐదు వచ్చాయి. ఆరోది ఇంతవరకు రాలేదు. ఆయన ముగింపులోని ముఖ్యాంశాలు మాత్రం సీరియల్ తీసినవారికి చెప్పి ఉంచాడు. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోతే, తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు పూర్తి చేశాడు. మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన పూరించి, నన్నయ పేరిటే, రాజరాజు పేరిటే వదిలాడు. మూడు శతాబ్దాలు ఓపిక పట్టిన భాష మనది. ఎనిమిదేళ్ళ సీరియల్ ముగిస్తే మనకు ఓపిక లేకపోయింది.

ఇంత రాద్ధాంతం ఎందుకని అడగవచ్చు. టీవీ కట్టేస్తే పోయేది కదా? పోదు. మేము ఈ వ్యాసం రాయడానికి కారణమే అది.

మనం సొంత ఊరికి ఏడు సముద్రాల అవతల ఉన్నాం. అక్కడి నాయకులకు ఇక్కడినుంచి జేజేలు కొడతాం. అక్కడి సినిమా హీరోల కోసం ఇక్కడ కార్ల ఊరేగింపులు తీస్తాం. అక్కడి పార్టీలకు ఇక్కడ చందాలు పోగుచేస్తాం. 'గట్టివాడు రావాలి, నాలుగు తగిలించాలి, అప్పుడుగాని దారికి రారు' అన్న మాట మన విందు బల్లల దగ్గర ఎన్నిసార్లు వినపడదు? ఆ తగిలించేది ఎవరికి, విచారణ జరిగిందా, ఆ 163 మందిలో వద్దన్నవాడు ఒకడైనా ఉన్నాడా అని అడిగేవారు తక్కువ. అడగవలసిన అవసరం మనకు లేదు కనుక. ఆ డ్రాగన్ మన ఇంటి కప్పు మీదుగా ఎగరదు. మంట ఎక్కడో పడుతుంది, మనకు వెలుతురు మాత్రమే కనబడుతుంది.

డెనేరిస్ కథను ఇలా చూడండి. ఏడు సీజన్ల పాటు ఆమె కాల్చినవారు పరాయివారు, చూసేవారికి పేరు కూడా నోరు తిరగని నగరాలవారు. ఎనిమిదో సీజన్‌లో తొలిసారి కెమెరా వీధిలోకి దిగింది. పిల్లను చంకనెత్తుకుని పరుగెత్తే తల్లి పక్కన నిలబడింది. పైనుంచి కాక కిందనుంచి డ్రాగన్‌ను చూపించింది. అంతే, 'ఇది మా డెనేరిస్ కాదు' అన్నారు. ఆమె మారలేదు. మనం చూసే చోటు మారింది. 2018 ఒక్క సంవత్సరంలోనే ఈ దేశంలో 500 మందికి పైగా ఆడపిల్లలకు ఆమె బిరుదైన 'ఖలీసీ' అని పేరు పెట్టుకున్నారు. ఆ తల్లిదండ్రుల బాధ మాకు అర్థమవుతుంది. పెట్టుకున్న పేరు మార్చుకోవడం కంటే కథ మార్చమనడం సులువు. నాయకుల విషయంలోనూ అంతే. మనం మొక్కినవాడు ఊరు తగలబెట్టినప్పుడు, 'ఎవరో కుట్ర చేసి అలా చూపిస్తున్నారు' అనడం మనకు సులువు.

మన పిల్లలు ఈ దేశంలో పెరుగుతున్నారు. వాళ్ళకు పద్యాలు నేర్పుతున్నాం, కూచిపూడి నేర్పుతున్నాం, సంతోషం. వాటితోపాటు ఒక కథను చివరిదాకా వినడం కూడా నేర్పుదాం. నచ్చని ముగింపు వచ్చినప్పుడు, 'ఇది మొదట్లోనే ఎక్కడైనా కనబడిందా' అని వెనక్కి తిరిగి వెతకడం నేర్పుదాం. మేము రోగి దగ్గర చేసే పని అదే. ఆ అలవాటు లేని పిల్లవాడు రేపు తన ఓటు వేసిన మనిషిని కూడా అలాగే నమ్ముతాడు, అలాగే మోసపోయానంటాడు, అలాగే సంతకం పెట్టి చేతులు దులుపుకుంటాడు.

అందుచేత, సంతకాలు పెట్టిన మిత్రులకు మా ప్రతిపాదన ఇది. ఆ ఎనిమిదో సీజన్ ఎలా ఉండవలసిందో తెలుగులో రాయండి. డెనేరిస్ ఆ గంటలు విని ఆగిపోయినట్టే రాయండి. ఆగిన తర్వాత ఆ నగరాన్ని ఏ న్యాయంతో పాలించిందో, ఎదురు చెప్పినవాణ్ణి ఏం చేసిందో, డ్రాగన్‌ను ఎక్కడ కట్టేసిందో అది కూడా రాయాలి సుమండీ. అక్కడికి వచ్చేసరికి కలం ఆగితే ఎందుకు ఆగిందో ఆలోచించండి. ఆగకుండా సాగితే సంపాదకులకు పంపండి. ఈ పత్రికలో అచ్చు వేయించే పూచీ మాది, వచ్చే నెల సమావేశంలో చదివించే పూచీ కూడా మాదే. నచ్చకపోతే మేమూ తిడతాం. మార్చి రాయమని మాత్రం అడగం.